ఉప్పు చాలని సముద్రం

1974 మార్చి 22న ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో ఏడు దేశాల ప్రతినిధులు ఒక ఒడంబడికపై సంతకాలు చేశారు. డెన్మార్కు, ఫిన్లాండు, తూర్పు జర్మనీ, పశ్చిమ జర్మనీ, పోలండు, స్వీడను, సోవియట్ యూనియను. పేర్లు వరుసగా చదివితేనే వింతగా ఉంటుంది. వీటిలో రెండు నాటో సభ్యులు, మూడు వార్సా కూటమి సభ్యులు, మిగిలిన రెండూ తటస్థులు. రెండు జర్మనీలు అప్పటికి ఏడాది కిందటి దాకా ఒకదాన్నొకటి దేశంగానే గుర్తించలేదు. అటువంటి వాళ్ళు కలిసి కూర్చుని రాసుకున్నది యుద్ధం గురించీ కాదు, సరిహద్దుల గురించీ కాదు. తామందరూ పంచుకుంటున్న బాల్టిక్ సముద్రంలోకి ఏమేమి వదలకూడదన్న సంగతి.

నేను ఈ చరిత్రలోకి వచ్చింది పక్కదారిన. డెన్మార్కు రాజులు ఒకప్పుడు ఓడల నుంచి వసూలు చేసిన సుంకాల గురించి చదువుతూ, ఆ సముద్రానికున్న సన్నటి వాకిలి దగ్గర ఆగిపోయాను. ఆ వాకిలి సంగతి తెలియకపోతే తరువాతి కథ ఏదీ బోధపడదు. కనుక ముందు అదే చెబుతాను.

బాల్టిక్ వైశాల్యం సుమారు 4 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర, తెలంగాణలు రెండూ కలిపితే వచ్చేదానికి ఒకటిన్నర రెట్లు అనుకోండి. లోతు మాత్రం సగటున 55 మీటర్లే. మన బంగాళాఖాతం సగటు లోతు 2,600 మీటర్ల పైమాట. ఆ లెక్కన బాల్టిక్‌ను సముద్రమనడం కంటే నీళ్ళు నిలిచిన పళ్ళెం అనడమే సబబేమో. బయటి సముద్రంతో దానికున్న సంబంధం డెన్మార్కు దగ్గరున్న మూడు ఇరుకు జలసంధుల ద్వారా మాత్రమే. వాటిలో ఊరెసుండ్ అనేది ఒకచోట నాలుగు కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. లోపలికి వచ్చే ఉప్పునీరు తక్కువ, నదులు తెచ్చే మంచినీరు ఎక్కువ. అందుచేత మహాసముద్రంలో లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పుంటే, నడి బాల్టిక్ ఉపరితలంలో ఏడెనిమిది గ్రాములకు మించదు. ఉత్తరాన రెండు మూడు గ్రాములు. లోపలి నీరంతా ఒకసారి మారడానికి ముప్ఫై యేళ్ళు పడుతుందని అంచనా. అంటే ఒక తరం వాళ్ళు అందులో ఏది పారబోస్తే, దానిని చూడవలసింది వాళ్ళ పిల్లలే.

ఇక సుంకం సంగతి. 1420ల చివర నుంచి డెన్మార్కు రాజు ఊరెసుండ్‌లో ప్రతి ఓడనూ హెల్సింగోర్ దగ్గర ఆపి పన్ను వసూలు చేసేవాడు. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకం జరిగేది ఆ ఊళ్ళోని కోటలోనే. 1658 దాకా రెండు ఒడ్లూ డెన్మార్కువే కనుక అడిగే నాథుడు లేడు. సరుకు విలువ మీద పన్ను వేసేటప్పుడు ఓడ కప్తాను అబద్ధం చెప్పకుండా ఒక చక్కని ఏర్పాటు చేశారు. విలువ ఎంతో కప్తానే చెప్పవచ్చు. కాని ఆయన చెప్పిన ధరకు సరుకంతా కొనుక్కునే హక్కు రాజుకుంటుంది. తక్కువ చెబితే సరుకు పోతుంది, ఎక్కువ చెబితే పన్ను పెరుగుతుంది. మన కొలతలూ తూకాల శాఖ వాళ్ళకైనా ఇంత చురుకైన ఉపాయం తోచి ఉండదు.

ఆ సుంకం నాలుగు వందల యేళ్ళకు పైగా నడిచి 1857లో రద్దయింది. రద్దయిన తీరు గమనించదగ్గది. వర్తకం చేసే దేశాలన్నీ కలిసి డెన్మార్కుకు ఒక్కసారిగా మూడు కోట్ల ముప్ఫై అయిదు లక్షల రిక్స్‌డాలర్లు పరిహారంగా ఇచ్చి దారిని అందరికీ తెరిపించాయి. ఆ మొత్తంలో సగానికి పైగా భరించినవి బ్రిటను, రష్యాలు. మూడేళ్ళ కిందటే, 1854లో, క్రిమియా యుద్ధంలో భాగంగా ఇదే సముద్రంలో ఆలండ్ దీవుల మీదున్న రష్యా కోటను బ్రిటన్, ఫ్రాన్సుల నౌకాదళాలు కూల్చివేశాయి. యుద్ధం ముగిసింది 1856లో. మరుసటి సంవత్సరమే ఇద్దరూ ఒకే ఖర్చు పద్దును పంచుకున్నారు. స్నేహం కుదిరి కాదు, ఇద్దరికీ దారి కావాలి కనుక. బాల్టిక్ చరిత్రలో ఈ ధోరణి తరచు కనిపిస్తుంది. అంతకు ముందు హాన్సా వర్తక నగరాల కూటమి డెన్మార్కుతో చేసిన 1370 నాటి స్ట్రాల్‌సుండ్ సంధి కూడా చాలా మేరకు హెర్రింగ్ చేపల సంత గురించి, సుంకాల గురించే.

అయితే వీటన్నిటిలోనూ సముద్రమంటే దారి, లేదా చేపల గాదె. ఆ దారికి గాని గాదెకు గాని జబ్బు చేయవచ్చునన్న ఆలోచన ఇరవయ్యో శతాబ్దం దాకా ఎవరికీ రాలేదు. పైగా రెండో ప్రపంచ యుద్ధం ముగియగానే విజేతలు జర్మనుల విషవాయు గుండ్లను ఎక్కడ పారేయాలో తెలియక సుమారు 40 వేల టన్నులు ఈ పళ్ళెంలోనే పడవేశారు. ఎక్కువ భాగం బోర్న్‌హోమ్ దీవి దగ్గర. ఆ తరువాత దశాబ్దాల పాటు అక్కడి జాలరుల వలల్లో చేపలతో పాటు మస్టర్డ్ గ్యాస్ గడ్డలు కూడా వచ్చేవి.

జబ్బును ముందుగా పసిగట్టింది ఒక రసాయన శాస్త్రజ్ఞుడు. 1960లలో స్టాక్‌హోమ్‌లో పనిచేస్తున్న సోరెన్ యెన్సెన్ చేపల్లో, పక్షుల్లో డీడీటీ ఎంత ఉందో కొలుస్తున్నాడు. కొలిచిన ప్రతిసారీ డీడీటీతో పాటు మరేవో అంతుపట్టని పదార్థాల ఆనవాళ్ళు కనబడేవి. అవేమిటో తేల్చడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. అవి పీసీబీలు, పురుగుమందులు కావు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లలోను రంగుల్లోను వాడే నూనెలు. పొలాల్లో చల్లినవి కావు, మరి సముద్రంలో తిరిగే గద్దలోకి ఎలా వచ్చాయి? ప్రదర్శనశాలలో దాచిన పాత గద్దల ఈకలు తెచ్చి పరీక్షిస్తే 1940ల నాటి ఈకల నుంచి ఆ ఆనవాళ్ళు మొదలయ్యాయి. ఆఖరికి తన ఇంట్లో వాళ్ళ వెంట్రుకలు పరీక్షించినా అవే. 1966లో ఈ సంగతి బయటపెట్టాడు.

అదే కాలంలో బాల్టిక్ తీరాన తెల్లతోక గద్దల గుడ్లు పొదగబడటం మానేశాయి. బూడిదరంగు సీళ్ళు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో 80 వేలకు తక్కువ లేవంటారు, 1970ల చివరికి నాలుగు వేలకు దిగిపోయాయి. మొదట వేట, తరువాత విషం. ఆడ సీళ్ళ గర్భాశయాలు మూసుకుపోయి పిల్లలు పుట్టడం లేదని పరీక్షల్లో తేలింది.

వచ్చిన చిక్కేమిటంటే సముద్రానికి వైద్యం చేయడానికి తీరం మీది దేశాలన్నీ కావాలి. కాని అన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టే బల్లే లేదు. 1972 జూన్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ స్టాక్‌హోమ్‌లో, అంటే బాల్టిక్ ఒడ్డునే, జరిగింది. తూర్పు జర్మనీ సమితి సభ్యదేశం కాదు కనుక దానిని సమాన హోదాతో పిలవలేదు. అందుకు నిరసనగా సోవియట్ యూనియనూ దాని మిత్రులూ రాలేదు. ఒడ్డున సభ జరుగుతుంటే ఎదుటి ఒడ్డు ఖాళీ! అదే ఏడాది డిసెంబరులో రెండు జర్మనీలూ ఒక మౌలిక ఒప్పందానికి వచ్చాయి. 1973 సెప్టెంబరులో రెండూ సమితిలో చేరాయి. ఆ సందులో ఫిన్లాండు ముందుకు వచ్చింది. ఫిన్లాండు పరిస్థితి మనకు కొంత విచిత్రంగా తోస్తుంది. సోవియట్ యూనియనుతో వెయ్యి కిలోమీటర్లకు పైబడిన సరిహద్దు, రెండు యుద్ధాల అనుభవం, పాశ్చాత్య పద్ధతి ప్రభుత్వం. ఇద్దరికీ కోపం రాకుండా బతకడమే వాళ్ళ విదేశాంగ నీతి. అటువంటి వాళ్ళకు ఇరుపక్షాలూ తమ ఇంటికి వచ్చి మాట్లాడుకుంటే అంతకంటే కావలసిందేముంది?

తూర్పు జర్మనీకి ఆ బల్ల దగ్గర కుర్చీ దొరకడమే ఒక లాభం. పశ్చిమ జర్మనీతో సమానంగా, అక్షరక్రమంలో, సార్వభౌమ దేశంగా సంతకం! సముద్రపు శుభ్రత మీద వాళ్ళకెంత మమకారం ఉందో చెప్పలేం గాని, సంతకం మీద ఉన్న మమకారం స్పష్టం. కారణమేదైనా సంతకం పడింది. ఉద్దేశాలను తవ్వి తీసి ఒప్పందాలకు వెల కట్టడం నాకు అంతగా నచ్చదు.

ఒడంబడిక మాత్రం ఆ రోజులకు చాలా ముందడుగు. అంతవరకూ సముద్ర కాలుష్యం మీద ఉన్న ఒప్పందాలు ఓడల నూనె గురించో, చెత్త పారవేయడం గురించో విడివిడిగా ఉండేవి. ఓడ నుంచి, ఒడ్డు నుంచి, గాలి నుంచి, ఎక్కడి నుంచి వచ్చినా సరే ఒక సముద్రం మొత్తానికి వర్తించే మొదటి ఒప్పందం ఇదే. డీడీటీ, పీసీబీల పేర్లు అనుబంధంలో రాశారు. దీనిని అమలు జరిపే సంఘాన్ని హెల్కామ్ అంటారు, కార్యాలయం హెల్సింకిలో. అధ్యక్షత రెండేళ్ళకొకరి వంతు. నిర్ణయాలన్నీ ఏకగ్రీవం. అవి కూడా ఆజ్ఞలు కావు, సిఫారసులు. శిక్ష లేదు, జరిమానా లేదు.

దానిలో ఒక పెద్ద కన్నం కూడా ఉంది. ‘అంతర్గత జలాలు’, అంటే తీరరేఖకు లోపలి వైపున్న రేవులు, నదీముఖాలు, అఖాతాలు ఒప్పందం పరిధిలోకి రావు. తమ నౌకాస్థావరాల దగ్గర పరాయివాళ్ళు నీళ్ళు తోడి కొలవడం సోవియట్ ప్రభుత్వానికి ఇష్టం లేదు. ఫలితం? అప్పటి లెనిన్‌గ్రాడ్, బాల్టిక్ తీరం మొత్తం మీద అన్నిటికంటే పెద్ద నగరం, 1970ల చివరి దాకా తన మురుగును దాదాపుగా శుద్ధి చేయకుండానే నేవా నదిలోకి వదిలేది. సముద్రానికి అందరికంటే ఎక్కువ మురుగు ఎక్కడి నుంచి వస్తున్నదో ఆ చోటు పరిశీలకుల కంటికి మరుగు. ఈ మినహాయింపు లేకపోతే సోవియట్ సంతకమే లేదని సమర్థించేవారున్నారు. నిజమే కావచ్చు. కాని ఆ మాట చెప్పేటప్పుడు దాని ఖరీదు కూడా చెప్పాలి: ఆ కన్నం పూడ్చడానికి 1992 దాకా, అంటే పద్దెనిమిదేళ్ళు పట్టింది.

ఏడు దేశాలూ ధ్రువీకరించి ఒప్పందం అమలులోకి వచ్చేసరికి 1980 మే 3. ఈ లోగా తాత్కాలిక సంఘమొకటి పని సాగించింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే నచ్చినది ఆ కాలంలో జరిగిన, ఎవరూ పెద్దగా చెప్పుకోని ఒక పని. కాలుష్యం ఎంత అని వాదించుకునే ముందు అందరి కొలతలూ ఒకటి కావాలి కదా. తూర్పు జర్మను ప్రయోగశాలలో వచ్చిన భాస్వరం అంకె, స్వీడిష్ ప్రయోగశాలలో వచ్చిన అంకె ఒకే నీటికి వేరువేరుగా ఉంటే చర్చ ఎక్కడ మొదలుపెడతారు? అందుచేత ఒకే రకం నీటి నమూనాలను అందరూ పరీక్షించి, అంకెలు కలిసేదాకా పద్ధతులు సరిచూసుకున్నారు. 1979 నుంచి ఉమ్మడి పరిశీలన మొదలైంది. ఆఫ్గనిస్తాను మీద దండయాత్ర, ఒలింపిక్స్ బహిష్కరణ, పోలండులో సైనిక పాలన, జర్మనీల్లో కొత్త క్షిపణులు. ఆ అయిదారేళ్ళలో మాస్కోకు, పశ్చిమ దేశాలకు మధ్య మాటలు లేని రోజులెన్నో. నీటి అంకెలు మాత్రం హెల్సింకికి చేరుతూనే ఉన్నాయి.

ఫలితాల సంగతికి వస్తే సగం సంతోషం, సగం కాదు. విషాల విషయంలో మందు పనిచేసింది. డీడీటీ, పీసీబీల వాడకం నిలిచిపోయాక మెల్లగా గద్దలు తిరిగి వచ్చాయి. బూడిద సీళ్ళు ఇప్పుడు లెక్కకు వచ్చేవే 40 వేలు దాటాయి. అవి వలలు చింపి చేపలు తినేస్తున్నాయని జాలరులు మొరపెట్టుకునేదాకా వచ్చింది. ఓడలు దొంగచాటుగా వదిలే నూనె మరకలు విమానాల నిఘాలో 1989లో 700కు పైగా కనబడితే, 2010ల మధ్యకు ఏడాదికి వంద లోపుకు దిగాయి. ఇందులో పాత సుంకపు ఉపాయాన్ని గుర్తుకు తెచ్చే ఏర్పాటు ఒకటుంది. రేవులో చెత్త, వాడిన నూనె అప్పగించినందుకు విడిగా రుసుము అడిగితే కప్తాను డబ్బు మిగుల్చుకుని చీకట్లో సముద్రంలో పారబోస్తాడు. అందుకని అప్పగించినా అప్పగించకపోయినా రేవు రుసుములోనే ఆ ఖర్చు కలిపి ముందే వసూలు చేయాలని తీర్మానించారు. డబ్బు ఎలాగూ పోయింది, ఇక పారబోయడం దేనికి?

లొంగనిది ఎరువు. పొలాల నుంచి, మురుగు నుంచి వచ్చే నత్రజని, భాస్వరం. మన ఊరి చెరువులోకి పొలాల నీళ్ళు దిగితే ఏమవుతుందో తెలిసినదే: చెరువంతా పచ్చని నాచు. బాల్టిక్‌లో అదే జరుగుతుంది, సముద్రమంత మేర. వేసవిలో ఆ నాచు తెట్టు అంతరిక్షం నుంచి తీసిన చిత్రాల్లో కూడా సుడులు సుడులుగా కనిపిస్తుంది. అది చచ్చి అడుగుకు దిగి కుళ్ళుతూ ప్రాణవాయువును తినేస్తుంది. పైన తేలిక నీరు, కింద ఉప్పునీరు రెండు పొరలుగా ఉంటాయి కనుక పై గాలి కిందికి దిగదు. అడుగున వేల చదరపు కిలోమీటర్ల మేర బతికేది ఏదీ ఉండదు. పైగా ప్రాణవాయువు లేని బురద తనలో దాచుకున్న పాత భాస్వరాన్ని తిరిగి నీటిలోకి వదులుతుంది. దానితో మళ్ళీ నాచు. ఎప్పుడో కొన్నేళ్ళకొకసారి పడమటి తుఫానులు సరైన దిశలో వీచి ఉత్తర సముద్రపు ఉప్పునీటిని జలసంధుల గుండా లోపలికి తోస్తేనే అడుగుకు ఊపిరి. 1993లో, 2003లో, 2014 డిసెంబరులో అలా జరిగింది. కాడ్ చేప గుడ్డు తేలడానికి లీటరుకు 11 గ్రాముల ఉప్పు ఉండాలి. పై నీటిలో అంత ఉప్పు లేదు, అంత ఉప్పున్న కింది నీటిలో ఊపిరి లేదు.

విషానికి చిరునామా ఉంటుంది: ఫలానా కర్మాగారం, ఫలానా గొట్టం. ఎరువుకు లేదు. 1988లో మంత్రులు సమావేశమై 1995 కల్లా పోషకాలను సగానికి తగ్గిస్తామన్నారు. అందరూ అనుకున్న మేర చేయలేదు. సోవియట్ యూనియను పోయి ఏడు తొమ్మిదయ్యాక, 1992లో కొత్త ఒడంబడిక రాసి, 132 ‘వేడి మచ్చల’ జాబితా తయారు చేశారు. మురుగు విషయంలో ఇది బాగానే నడిచింది. సెయింట్ పీటర్స్‌బర్గ్ నైరుతి భాగంలో 1980ల చివర మొదలై డబ్బు లేక ఆగిపోయిన శుద్ధి కేంద్రాన్ని ఫిన్లాండు, స్వీడనులు, యూరపు బ్యాంకులు సాయపడి పూర్తి చేయించగా 2005లో ప్రారంభమైంది. సుమారు 7 లక్షల మంది మురుగు దానితో శుద్ధి అవుతున్నది. ఫిన్లాండు వాళ్ళ లెక్క సూటిగా ఉండేది. తమ దేశంలో ఇప్పటికే శుద్ధి అయిన నీటిలో మరో కిలో భాస్వరం తీయడం కంటే రష్యాలో తీయడం చాలా చవక, సముద్రం ఒకటే. కాని పొలాల దగ్గరకు వచ్చేసరికి ఏ దేశపు మంత్రీ తన రైతులతో తగవు పెట్టుకోలేదు. దీనికి ధనిక దేశం, పేద దేశం అన్న తేడా లేదు. ఎనభైల నాటితో పోలిస్తే సముద్రంలో చేరే భాస్వరం దాదాపు సగానికి తగ్గినా, 2007లో క్రాకోలో పెట్టుకున్న 2021 గడువు గడిచిపోయింది. ఆ ఏడాది లూబెక్‌లో గడువును 2030కి జరిపారు. 2019లో తూర్పు బాల్టిక్‌లో కాడ్ వేటనే ఆపేయవలసి వచ్చింది.

ఇంతలో 2022 ఫిబ్రవరి వచ్చింది. ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తగానే బాల్టిక్ దేశాల రాజకీయ మండలి, 1992లో పుట్టినది, రష్యాను పక్కనపెట్టింది. మే నెలలో రష్యా తానే వెళ్ళిపోయింది. హెల్కామ్‌లో అలా కుదరలేదు. ఒడంబడికలో వెలివేసే ఏర్పాటు లేదు, ఏకగ్రీవం లేనిదే నిర్ణయం లేదు. మిగిలిన ఎనిమిది దేశాలూ, యూరపు సమాఖ్యా అధికారిక సమావేశాలు నిలిపివేసి, రష్యా లేకుండా అనధికారికంగా కలుసుకోవడం మొదలుపెట్టాయి. రష్యా ఇప్పటికీ సభ్యదేశమే.

వాళ్ళు చేసింది తప్పనడానికి నాకు నోరు రాదు. పక్క దేశం నగరాల మీద బాంబులు పడుతుంటే అదే ప్రభుత్వం మనుషులతో భాస్వరం గురించి మాట్లాడమని హెల్సింకిలో కూర్చున్నవాళ్ళకు ఇక్కడి నుంచి చెప్పడం సులభం. అయినా పాత కథ చదివినవాడికి ఒక ప్రశ్న మిగులుతుంది. 1980లో ఆఫ్గనిస్తాను మండుతుండగా ఆగని నీటి అంకెలు ఇప్పుడెందుకు ఆగాలి? అప్పటి యుద్ధం దూరాన, ఇప్పటిది గుమ్మంలో అన్నది ఒక సమాధానం. అప్పుడు తటస్థులున్నారు, ఇప్పుడు లేరన్నది మరొకటి. 2023లో ఫిన్లాండు, 2024లో స్వీడను నాటోలో చేరాయి. నాకు రెండోదే అసలు కారణమనిపిస్తుంది. ఇరుపక్షాలనూ తన ఇంటికి పిలవగలిగిన ఇల్లు ఆ తీరాన ఇప్పుడు లేదు. నార్డ్‌స్ట్రీమ్ గొట్టాల పేలుళ్ళ తరువాత, లంగరు ఈడ్చుకుపోయి తెగిన సముద్రగర్భ తీగల తరువాత, అక్కడ సముద్రమంటే మళ్ళీ మొదట కాపలా, తరువాతే మిగతావి. బాల్టిక్‌లో కలిసే నదులన్నిటిలోకీ ఎక్కువ నీరు మోసుకొచ్చేది మాత్రం రష్యా నేల మీది నేవాయే.

పైన ఆలండ్ దీవుల పేరు ఒకసారి వచ్చింది. 1856లో అక్కడ కోట కట్టనని రష్యా మాట ఇవ్వడం, 1921లో నానాజాతి సమితి ఆ దీవులను ఫిన్లాండుకిచ్చి వాళ్ళ స్వీడిష్ భాషకు హామీ ఇప్పించడం ఇవన్నీ వేరే రాయదగినంత ఉన్నాయి. వీలు చూసుకుని ఆ సంగతి మరోసారి.